ఎవరికి, ఎప్పుడు, ఎంత తెలుసు?

2017 అక్టోబరులో నేను రాసిన ఒక అభిప్రాయాన్ని ఈ మధ్య మళ్లీ తీసి చదువుకున్నాను. ఈక్విఫాక్స్ అనేది మనుషుల అప్పుల చరిత్రను భద్రపరచి బ్యాంకులకు అమ్ముకునే అమెరికా సంస్థ. ఆ ఏడాది దాని దగ్గర నుంచి సుమారు 14.7 కోట్ల మంది వ్యక్తిగత వివరాలు దొంగల పాలయ్యాయి. వారం ముందే పదవి నుంచి తప్పుకున్న సీఈవో రిచర్డ్ స్మిత్ అక్టోబరు మొదట్లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని, సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని సరిచేయమన్న కబురును అందవలసిన వాళ్లకు అందించని ఒక ఉద్యోగి పొరపాటు గురించీ, ఆ లోపాన్ని పసిగట్టలేకపోయిన ఒక స్కానర్ గురించీ చెప్పారు. అది చదివిన రోజే నేను, పేరైనా తెలియని ఆ ఉద్యోగి మీద నాలుగు పేరాల కోపం వెళ్లగక్కాను. చాలామంది మెచ్చుకున్నారు, పదిమందికీ పంచారు.

పద్నాలుగు నెలల తర్వాత, 2018 డిసెంబరులో, అమెరికా ప్రతినిధుల సభ కమిటీ నివేదిక వచ్చింది. ఈ చోరీ పూర్తిగా నివారించదగినదేనని అది తేల్చింది. లోపాన్ని సరిచేయమన్న ఆదేశం 400 మందికి పైగా ఉద్యోగులకు ఈమెయిల్‌లో వెళ్లిందని అందులో ఉంది. నెట్‌వర్క్ రాకపోకల మీద నిఘా వేయవలసిన పరికరం, దాని భద్రతా సర్టిఫికెట్ గడువు తీరిపోయినందువల్ల, 19 నెలల పాటు ఏమీ చూడలేని స్థితిలో ఉంది. కొత్త సర్టిఫికెట్ వేశాకే చొరబాటు కంటబడింది. సంస్థ భద్రతాధికారి ఐటీ విభాగంతో కలిసి పనిచేయవలసింది పోయి న్యాయవిభాగం అధిపతి కింద ఉండేవారు, ఆ ఏర్పాటు చేసుకున్నది పైవాళ్లే. ఇవన్నీ తెలిశాక కూడా నేను నా పాత రాతను సవరించలేదు. అసలు ఆ నివేదిక వచ్చిన సంగతే నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అప్పటికి నా దృష్టి వేరే వార్తల మీదికి మళ్లిపోయింది. ఒక సంస్థ యాజమాన్యం తన మీదికి రావలసిన నిందను కింది ఉద్యోగి మీదికి మళ్లిస్తే, ఆ పనిలో జీతం లేకుండా సాయం చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ వ్యాసం ఆ సిగ్గు నుంచి పుట్టింది.

సాంకేతిక వార్తల మీద వెల్లువెత్తే అభిప్రాయాల గురించి మాట వచ్చినప్పుడల్లా, వాటిలో కోపం ఎక్కువైందనీ మర్యాద తగ్గిందనీ బాధపడేవాళ్లు ఉన్నారు. నా బాధ అది కాదు. కోట్ల మంది వివరాలు పోయినప్పుడు, సాఫ్ట్‌వేర్ లెక్క తప్పి మనుషులు జైలుకు వెళ్లినప్పుడు కోపం రాకపోతేనే మనం ఆందోళన పడాలి. నా అభ్యంతరమంతా ఆ కోపం అడుగుతున్న ప్రశ్న మీద. దీనికి కారకుడెవరు అని అడుగుతాం. ఆ ప్రశ్నకు సంస్థల దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది, ఆ జవాబు సాధారణంగా కింది మెట్టు మీద నిలబడ్డ మనిషి. మనం అడగవలసినది ఇంకొకటి: ఈ సంగతి ఎవరికి, ఎప్పుడు, ఎంత తెలుసు, తెలిశాక వాళ్లు ఏం చేశారు? 1973లో వాటర్‌గేట్ విచారణలో సెనేటర్ హోవర్డ్ బేకర్ అమెరికా అధ్యక్షుడి గురించి ఇదే అడిగారు. అంతకంటె పదునైన ప్రశ్న నాకు ఇప్పటికీ దొరకలేదు. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న వాదనకు అంతూ దరీ ఉండదు, ఈ ప్రశ్నకు మాత్రం తేదీ వేసిన కాగితం జవాబు చెప్పగలదు.

బ్రిటన్‌లోని పోస్టాఫీసు వ్యవహారం ఈ ప్రశ్న విలువను నాకు నేర్పింది, కాబట్టి దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. 1999 నుంచి అక్కడి పోస్టాఫీసు శాఖల్లో హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ను ప్రవేశపెట్టారు. దాన్ని సరఫరా చేసి నడిపినది ఫుజిట్సు అనే కంప్యూటర్ సంస్థ. శాఖలను చూసుకునే సబ్‌పోస్ట్‌మాస్టర్లలో చాలామంది ఒక చిన్న దుకాణంతో పాటు పోస్టాఫీసు కౌంటరు నడుపుకునేవాళ్లు. లెక్క కట్టే వేళకు, పెట్టెలో ఉన్న డబ్బుకూ తెర మీద కనిపించే అంకెకూ పొంతన కుదిరేది కాదు. తేడా వస్తే సొంత డబ్బుతో పూడ్చాలని పోస్టాఫీసు పట్టుబట్టేది. దాచుకున్నది ఊడ్చి ఇచ్చారు, ఇళ్లు తాకట్టు పెట్టారు, బంధువుల దగ్గర అప్పులు చేశారు, చివరికి దొంగతనం, తప్పుడు లెక్కలు అనే నేరాల కింద బోనెక్కారు. 1999కీ 2015కీ మధ్య 900 మందికి పైగా దోషులుగా తేలారు. అందులో 700కు పైగా కేసులు పోస్టాఫీసు తనంతట తానే పెట్టినవి. సాయం కోసం ఫోన్ చేసినవాళ్లలో ఎందరికో, ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వస్తోందన్న జవాబు ఎదురైంది. చట్టం కూడా వాళ్ల పక్షాన నిలవలేదు. కంప్యూటర్ సరిగానే పనిచేస్తోందని కోర్టు అనుకోవచ్చన్న సూత్రం 1999 నాటి చట్ట సవరణ తర్వాత ఇంగ్లండులో స్థిరపడింది. కాదని చూపించే భారం, ఆ సాఫ్ట్‌వేర్ లోపలికి తొంగి చూసే వీలే లేని నిందితుడి నెత్తిన పడింది.

2009 మే నెలలో కంప్యూటర్ వీక్లీ అనే పత్రిక ఏడుగురు సబ్‌పోస్ట్‌మాస్టర్ల అనుభవాలతో ఈ సంగతిని బయటపెట్టింది. అదే ఏడాది అలన్ బేట్స్ అనే మాజీ సబ్‌పోస్ట్‌మాస్టర్ బాధితులను కూడగట్టి ఒక సంఘం పెట్టారు. కొత్త ఫోన్ల మీద లెక్కలేనన్ని అభిప్రాయాలు వెలువడుతున్న రోజులవి; ఒక లెక్కల సాఫ్ట్‌వేర్ మనుషులను జైలుకు పంపుతోందన్న వార్తకు మాత్రం పలికినవాళ్లు బహు తక్కువ. ఈ మాట ఇతరులను ఎత్తిపొడవడానికి అనడం లేదు. సాంకేతిక వార్తలు రోజూ చదివే నేను కూడా ఆ వ్యవహారం పేరు విన్నది ఎన్నో ఏళ్ల తర్వాతే. కొత్త వస్తువు విడుదలైతే అది సాంకేతిక వార్త, పాత సాఫ్ట్‌వేర్ వల్ల ఒకరి బతుకు పాడైతే అది స్థానిక నేరవార్త అన్న విభజన మన బుర్రల్లో అంత గట్టిగా నాటుకుపోయింది.

ఇక తేదీల దగ్గరికి వద్దాం. 2013 జులైలో సైమన్ క్లార్క్ అనే న్యాయవాది పోస్టాఫీసుకు రాతపూర్వకంగా ఒక సలహా ఇచ్చారు. హొరైజన్ తరఫున కోర్టుల్లో నిపుణుడిగా సాక్ష్యం చెబుతూ వచ్చిన ఫుజిట్సు ఇంజనీరు తనకు తెలిసిన లోపాలను వెల్లడించలేదని, ఆ సాక్ష్యం మీద ఇక ఆధారపడటానికి వీల్లేదని దాని సారాంశం. ఆ కాగితం నాటికే వందల మందికి శిక్షలు పడి ఉన్నాయి. అది అప్పీలు చేసుకున్నవాళ్ల న్యాయవాదుల చేతికి వచ్చింది 2020లో. ఈ ఏడేళ్లలో పోస్టాఫీసు ఊరుకోలేదు. బేట్స్ బృందం వేసిన దావాలో కోట్ల పౌండ్లు ఖర్చుపెట్టి హైకోర్టులో సాఫ్ట్‌వేర్‌ను సమర్థించుకుంది, 2019 డిసెంబరులో రాజీకి వచ్చేదాకా వదల్లేదు; కొద్ది రోజులకే న్యాయమూర్తి ఫ్రేజర్ అందులో లోపాలున్నాయని తేల్చి చెప్పారు. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను కొట్టివేసింది. నిర్దోషులమన్న మాట వినకుండానే అప్పటికి కొందరు కన్నుమూశారు. ఈ వ్యవహారం మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 2025 జులైలో వెలువరించిన తొలి సంపుటం, కనీసం 13 మంది ఆత్మహత్యలకు ఈ వ్యవహారంతో సంబంధం ఉండవచ్చని పేర్కొంది.

2024 జనవరి మొదటి వారంలో ఈ కథ ఒక టీవీ నాటకంగా ప్రసారమైంది. అంతే, దేశమంతా భగ్గుమంది. 2012 నుంచి 2019 దాకా పోస్టాఫీసు సీఈవోగా ఉన్న పాలా వెనెల్స్‌కు ఇచ్చిన సీబీఈ అనే రాజ గౌరవాన్ని వెనక్కి తీసుకోవాలన్న ఆన్‌లైన్ వినతిపత్రం మీద 12 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆమె దాన్ని తిరిగి ఇచ్చేస్తానన్నారు, ఫిబ్రవరిలో రాజు దాన్ని అధికారికంగా రద్దు చేశారు, మే నెలలో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి వందలాది శిక్షలను ఒక్క దెబ్బతో చెరిపేసింది. ప్రజల గొంతుకు ఎంత బలం ఉందో చూపడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదని చాలామంది రాశారు. బలం ఉందన్న మాట నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ నాటకం చూపించిన వాస్తవాల్లో చాలా భాగం అప్పటికే పత్రికల్లో, తీర్పుల్లో, విచారణ సంఘం ముందు ఇచ్చిన సాక్ష్యాల్లో బహిరంగంగా ఉన్నదే. 2019 డిసెంబరు తీర్పు వచ్చిన వారంలో ఆ 12 లక్షల గొంతులు లేచి ఉంటే, ముసలితనంలో ఉన్న ఎందరో నాలుగేళ్ల ముందే తలెత్తుకుని తిరిగేవాళ్లు. తీర్పు చదవడానికి ఓపిక లేని మనకు నటుల ముఖాలు కావలసి వచ్చాయి.

ఆ సంతకాలు అడిగినది ఏమిటన్నది కూడా నన్ను కలతపెడుతుంది. ఒక బిరుదును అడిగాయి. బిరుదు పోవడం అవమానమే కానీ, 2013 జులై నాటి సలహా ఎవరెవరి బల్ల మీదికి వెళ్లింది, చదివినవాళ్లు తర్వాత ఏం చేశారు అన్నదానికి అది జవాబు కాదు. 2024 మే నెలలో వెనెల్స్ విచారణ సంఘం ముందు మూడు రోజులు కూర్చున్నప్పుడు న్యాయవాదులు సరిగ్గా ఆ ప్రశ్నలే వేశారు, ఒక్కొక్క ఈమెయిల్‌ను తెర మీద చూపిస్తూ అడిగారు. ఆన్‌లైన్‌లో మాత్రం ఆ మూడు రోజుల్లో ఆమె కన్నీళ్లు నిజమైనవా కావా అన్న చర్చ ఎక్కువగా నా కంటబడింది. కన్నీళ్లు ఎలాంటివో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఈమెయిల్‌లో ఏముందో మాత్రం ఎవరైనా చదువుకోవచ్చు.

బోయింగ్ 737 మ్యాక్స్ విషయంలో ఇదే ప్రశ్న ఇంకా కఠినంగా నిలబడుతుంది. 2018 అక్టోబరు 29న ఇండోనేషియా తీరంలో లయన్ ఎయిర్ విమానం కూలి 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియాలో మరో విమానం కూలి 157 మంది చనిపోయారు. ఒకే ఒక్క సెన్సర్ ఇచ్చిన తప్పుడు సమాచారాన్ని నమ్మి విమానం ముక్కును పదేపదే కిందికి తోసిన ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ రెండు ప్రమాదాల్లోనూ ఉంది. మొదటి ప్రమాదం నాటికి పైలట్ల మాన్యువల్‌లో దాని ప్రస్తావన లేదు. అప్పట్లో విమానయానం తెలిసినవాళ్లమని చెప్పుకున్న ఎందరో, ఆ దేశాల పైలట్ల శిక్షణే చాలలేదని తీర్పు చెప్పేశారు. అదే సమయంలో, 2018 డిసెంబరులో, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ లోపల ఒక అంచనా తయారైంది. సాఫ్ట్‌వేర్‌ను మార్చకుండా వదిలేస్తే ఆ విమానాల సేవాకాలం మొత్తం మీద 15 ఘోర ప్రమాదాలు జరగవచ్చని అది లెక్క కట్టింది. అయినా విమానాలను ఆపలేదు. మూడు నెలలకే రెండో విమానం కూలింది. ఆ అంచనా ఉన్న సంగతి లోకానికి తెలిసింది 2019 డిసెంబరులో, ప్రతినిధుల సభ విచారణలో. అంతకు రెండు నెలల ముందు బోయింగ్ మాజీ ముఖ్య సాంకేతిక పైలట్ ఒకరు పంపిన పాత చాట్ సందేశాలు బయటికి వచ్చి, ఆయన మీద ఆన్‌లైన్‌లో నిప్పులు కురిశాయి. ఈ వ్యవహారంలో ఆనాడు నేరాభియోగం మోయవలసి వచ్చిన ఉద్యోగి ఆయన ఒక్కరే. 2022 మార్చిలో జ్యూరీ ఆయనను నిర్దోషిగా వదిలేసింది. 2019 డిసెంబరులో తొలగించిన బోయింగ్ సీఈవో డెనిస్ ముయిలెన్‌బర్గ్ 6 కోట్ల డాలర్లకు పైగా ప్రయోజనాలతో బయటికి వెళ్లారు.

తిలాపాపం తలా పిడికెడు అని మన సామెత. పెద్ద సంస్థల్లో జరిగేది దీనికి తలకిందులు: లాభాన్ని పైవాళ్లంతా పంచుకుంటారు, పాపాన్ని మాత్రం ఒక్కడి దోసిట్లో పోస్తారు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లు పొగ పరీక్షలో మోసం చేసే సాఫ్ట్‌వేర్‌తో దొరికిపోయినప్పుడు, ప్రపంచవ్యాప్తంగా 1.1 కోట్ల కార్లలో ఉన్న ఆ ఏర్పాటును ఒకరిద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు పెట్టారన్నట్టుగా ఆ సంస్థ అమెరికా విభాగం అధిపతి కాంగ్రెస్‌కు చెప్పారు. అంత పెద్ద పని ఒకరిద్దరి చేతి మీదుగా జరగదని అనుకోవడానికి ఇంజనీరు కానవసరం లేదు. పదేళ్ల తర్వాత, 2025 మేలో, జర్మనీ కోర్టు ఆ సంస్థ మాజీ అధికారులను, ఇంజనీర్లను నలుగురిని దోషులుగా తేల్చింది. ఆ తీర్పు వచ్చిన రోజు, 2015లో ఊగిపోయినవాళ్లలో ఎవరూ దాని గురించి రాయగా నేను చూడలేదు.

2018 ఏప్రిల్‌లో మార్క్ జుకర్‌బర్గ్ అమెరికా సెనేట్ ముందు హాజరైన రోజు గుర్తుందా? ఎన్నికల ప్రచారాలకు డేటా విశ్లేషణ అమ్మే కేంబ్రిడ్జ్ ఎనలిటికా అనే సంస్థ చేతికి 8.7 కోట్ల మంది వివరాలు చేరి ఉండవచ్చని ఫేస్‌బుక్ ఒప్పుకున్న కొద్ది రోజులకే ఆ విచారణ జరిగింది. జనం డబ్బు కట్టకపోతే మీ వ్యాపారం ఎలా నడుస్తుందని ఒక వృద్ధ సెనేటర్ అడిగారు, మేం ప్రకటనలు వేస్తాం అని ఆయన బదులిచ్చారు. గంటల తరబడి సాగిన విచారణలో ఆ కొన్ని క్షణాల ముక్కే లోకమంతా తిరిగింది, సెనేటర్ల వయసు మీద అందరూ నవ్వుకున్నారు. అసలు సంగతి వేరే ఉంది. గార్డియన్ పత్రిక ఈ డేటా వాడకం గురించి 2015 డిసెంబరులోనే రాసింది. ఫేస్‌బుక్ ఆ డేటాను చెరిపేయమని అడిగి ఊరుకుంది, ఎవరి వివరాలు పోయాయో వాళ్లకు చెప్పలేదు. 2019 జులై 24న రెండు ప్రకటనలు ఒకేసారి వచ్చాయి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 500 కోట్ల డాలర్ల జరిమానా ప్రకటించింది, ఆ అంకె ఎక్కువా తక్కువా అని అందరూ వాదించుకున్నారు. అదే రోజు సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ కేవలం 10 కోట్ల డాలర్ల జరిమానా వేస్తూ, దుర్వినియోగం జరిగిందని తెలిసి కూడా రెండేళ్లకు పైగా ఫేస్‌బుక్ తన మదుపరులకు అది జరిగే అవకాశం మాత్రమే ఉందన్నట్టు చెప్పుకొచ్చిందని ఆరోపించింది. నా దృష్టిలో ఆ చిన్న జరిమానా పత్రమే విలువైనది. ఎవరికి ఎప్పుడు తెలుసు అన్నది రాసి ఉన్నది అందులోనే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయను. నిజం నిలకడ మీద తెలుస్తుందన్న మాటను అధికారంలో ఉన్నవాళ్లు ఎంతో ఇష్టపడతారు. విచారణ జరుగుతోంది, అంతవరకూ ఓపిక పట్టండి అని వాళ్లు చెప్పడం, కాలం గడిచేకొద్దీ కోపం నీరుగారిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. హొరైజన్ బాధితులు ఆ మాట వింటూ వింటూనే ముసలివాళ్లయ్యారు. అందుకే, నోరు మూసుకుని నివేదిక కోసం ఎదురుచూడమని నేను చెప్పడం లేదు. తొలిరోజే మాట్లాడాలి, గట్టిగానే మాట్లాడాలి. కాకపోతే ఆ రోజు మన చేతిలో శిక్ష వేయడానికి తగిన ఆధారం ఉండదు; ఏ కాగితం బయటికి రావాలో, ఏ అధికారి ఏ ప్రశ్నకు ప్రమాణం చేసి జవాబు చెప్పాలో అడగడానికి తగిన ఆధారం మాత్రం ఉంటుంది. ఈక్విఫాక్స్ వార్త వచ్చిన రోజున, ఆ ఆదేశం ఎంతమందికి వెళ్లిందని నేను అడిగి ఉండవచ్చు. అడగలేదు.

అందరూ అన్నీ వెంబడించలేరన్నది నిజం, రోజుకు పది గంటలు పనిచేసి ఇంటికి వచ్చే మనిషిని తీర్పులు చదవమని అడగడం అన్యాయం. నా మాట ముఖ్యంగా వేలమంది చదివే అభిప్రాయాలు రాసేవాళ్లను, అంటే మనలాంటివాళ్లను, ఉద్దేశించినది. వేలమందికి ఒక మాట చేరవేసినవాళ్లు, ఆ మేరకు తామూ జనం ముందు నిలబడ్డవాళ్లే. 2018లో సైన్స్ పత్రికలో ఎంఐటీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం, ట్విట్టర్‌లో సుమారు 1,26,000 కథనాల ప్రయాణాన్ని పరిశీలించి, అబద్ధపు వార్తను ఇతరులు మళ్లీ పంచే అవకాశం నిజమైన వార్త కంటె 70 శాతం ఎక్కువని, అందుకు కారణం బాట్లు, అంటే వాటంతట అవే నడిచే ఖాతాలు, కాదు, మనుషులేనని తేల్చింది. తొందరపాటు తీర్పు దూరం పోతుంది, దాని వెనకాల బయల్దేరిన సవరణ దాన్ని అందుకోలేదు. కాబట్టి సవరణను కూడా అంతే గట్టిగా వినిపించవలసిన బాధ్యత మొదటి మాట అన్నవాళ్ల మీదే ఉంది.

జోస్యాల సంగతి కొంచెం వేరు. 2016లో కృత్రిమ మేధ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్, రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇప్పుడే ఆపేయాలని, ఐదేళ్లలో కృత్రిమ మేధ వాళ్లను మించిపోతుందని అన్నారు. రేడియాలజిస్టులు ఇప్పటికీ ఉన్నారు. తాను మరీ విస్తృతంగా మాట్లాడానని ఆయన తర్వాత ఒప్పుకున్నారు. 2019 ఏప్రిల్‌లో ఎలాన్ మస్క్, మరుసటి ఏడాదికి పది లక్షలకు పైగా టెస్లా రోబో టాక్సీలు రోడ్ల మీద ఉంటాయన్నారు. 2020 ఒక్క టెస్లా రోబో టాక్సీ లేకుండానే గడిచింది, ఆయన మాత్రం ఆ తర్వాత కొత్త గడువులు చెబుతూనే వచ్చారు. తప్పిన అంచనా అబద్ధం కాదు, దాన్ని దాచిపెట్టిన వాస్తవంతో సమానంగా చూడకూడదు. కానీ ఆ మాటలు విని చదువులు మార్చుకున్నవాళ్లు, డబ్బు పెట్టినవాళ్లు ఉంటారు కనుక, గడువు తీరిన రోజున ఆ మాటను గుర్తుచేయడం మన పనే.

ఇప్పుడు నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఒక వార్త మీద అభిప్రాయం రాసిన ప్రతిసారీ, ఆ రోజు తేదీ, బాధ్యుడైన వ్యక్తి చెప్పిన మాట, ఇంకా బయటికి రావలసిన కాగితం, మళ్లీ ఎప్పుడు చూడాలో అందులో రాసుకుంటున్నాను. ఈక్విఫాక్స్ మీద నా పాత రాతకు పైనే సవరణ చేర్చాను, ఏడేళ్లు ఆలస్యంగా. హొరైజన్ వరుసలో, 2013 జులై నాటి సలహా శిక్ష పడ్డవాళ్లకు చేరకుండా ఉండిపోవడం ఎవరి నిర్ణయం అని రాసుకున్నాను. అభియోగాల మీద నిర్ణయానికి ముందు విచారణ సంఘం తుది నివేదికను చూస్తామని బ్రిటన్ పోలీసులు చెప్పారు. ఆ ప్రశ్న పక్కన తేదీ వేయవలసిన గడిని ఖాళీగా ఉంచాను.